నెమరు పొట్టలో హైడ్రోజన్ లెక్క: పశువుల మీథేన్ తగ్గించే మార్గాలు

ఆవు, గేదె, గొర్రె, మేక వంటి నెమరు వేసే పశువులు తిన్న మేత పొట్టలో పులిసేటప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. అందులో పదింట తొమ్మిది వంతులకు పైగా త్రేన్పులతో, ఊపిరితో, ముందు నుంచే బయటికి పోతుంది. ఈ విషయం మీద పత్రికల్లో వచ్చే కార్టూన్లు చాలావరకు పశువుకు తప్పు కొసనే చూపిస్తాయి. ఒక పాడి ఆవు రోజుకు 250 నుంచి 500 లీటర్ల దాకా మీథేన్ వదలగలదు. మనుషుల పనుల వల్ల గాలిలో చేరే మీథేన్‌లో దాదాపు మూడో వంతు పశుపోషణదే, అందులోనూ పేడ నుంచి వచ్చేదానికంటే పొట్టలోంచి వచ్చేది చాలా ఎక్కువ. వందేళ్ల లెక్కన చూస్తే ఒక టన్ను మీథేన్ సుమారు 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. ఇరవై ఏళ్ల లెక్కన 80 టన్నుల పెట్టు. రైతు వైపు నుంచి చూసినా ఇది నష్టమే. మేతలో ఉన్న మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం ఈ వాయువు రూపంలో పాలుగానో కండగానో మారకుండా పోతుంది. ఈ నష్టాన్ని ఆపాలని యాభై ఏళ్లకు పైగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. వాటి జయాపజయాలను వరసగా చూస్తే ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది: మీథేన్‌ను ఆపినప్పుడు దాని కోసం పోవలసిన హైడ్రోజన్ ఎక్కడికి పోయింది? దీనికి సరైన జవాబు ఉన్న పద్ధతులే నిలుస్తున్నాయి, లేనివి కొంత దూరం నడిచి ఆగిపోతున్నాయి.

ఈ ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే పొట్ట లోపలికి వెళ్లాలి. నెమరు పశువు కడుపులో నాలుగు గదులుంటాయి. వాటిలో మొదటిది, అన్నిటికంటే పెద్దది రూమెన్. ఎదిగిన ఆవులో అది వంద లీటర్లకు పైగా పట్టే తొట్టి. లోపల 39 డిగ్రీల వేడి, గాలి లేని చీకటి, పగలూ రాత్రీ ఆగని పులియబెట్టే పని. అక్కడి ద్రవం ఒక మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు మించి బ్యాక్టీరియా ఉంటాయి. వాటితో పాటు ప్రోటోజోవా, ఆర్కియా, శిలీంధ్రాలు. ఆక్సిజన్ లేకుండా బతికే ఈ శిలీంధ్రాలను 1975లో కాలిన్ ఆర్పిన్ గుర్తించే వరకు వాటి ఈదే బీజాలను ప్రోటోజోవా అనుకునేవారు. గడ్డిలోని పీచును విరగ్గొట్టే ఎంజైములు పశువుకు సొంతంగా లేవు, అవన్నీ ఈ జీవులవే. పీచు విరిగి చక్కెరలవుతుంది, చక్కెరలు పులిసి అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలవుతాయి, ఆ ఆమ్లాలను పశువు రూమెన్ గోడ ద్వారా పీల్చుకుని బతుకుతుంది. మనం గడ్డి వేస్తున్నది ఆవుకే అనుకుంటాం గానీ, మొదటి బంతిలో కూర్చునేవి ఆ సూక్ష్మజీవులు.

పులియడంలో మిగిలిపోయే సరుకు హైడ్రోజన్. అసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు తయారైనప్పుడు అది విడుదలవుతుంది. ప్రొపియోనిక్ ఆమ్లం తయారైనప్పుడు ఖర్చవుతుంది. హైడ్రోజన్ పేరుకుపోతే చక్కెరను పులియబెట్టే ఎంజైముల పని మందగిస్తుంది, పీచు జీర్ణం కావడం తగ్గుతుంది. ఆ ఇబ్బంది రాకుండా చూసేవే మీథేన్ తయారుచేసే ఆర్కియాలు. నాలుగు హైడ్రోజన్ అణువులను ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో కలిపి మీథేన్‌గా, నీరుగా మార్చి అవి తమ బతుకు వెళ్లదీసుకుంటాయి. ఇవి చూడటానికి బ్యాక్టీరియాలా ఉన్నా వేరే వంశం. ఆ సంగతి కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో చెప్పేదాకా తెలియదు. వీటిని దొంగలుగా వర్ణించడం పరిపాటి అయింది. పులియబెట్టే తొట్టి ఊపిరాడకుండా పోకుండా చూసే పొగగొట్టం అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. పొగగొట్టానికి మూత పెట్టేవాడు పొయ్యి సంగతి కూడా చూసుకోవాలి.

రూమెన్ సూక్ష్మజీవుల గురించి ఆధునిక జ్ఞానానికి పునాది వేసినవాడు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్. గాలి తగిలితే చచ్చిపోయే జీవులను గాజు గొట్టాల్లో పెంచే పద్ధతి ఆయనది. 1966లో ఆయన రాసిన పుస్తకం నేటికీ ఈ రంగానికి మూలగ్రంథమే. ఆయన పేరుతో సాగిన హంగేట్ 1000 పథకం 2018లో రూమెన్ జీవుల జన్యుపటాలను వందల సంఖ్యలో వెల్లడించింది. అంతకు ముందు 2015లో వచ్చిన ప్రపంచ రూమెన్ గణన ఇంకా ఆసక్తికరం. 35 దేశాల నుంచి 32 రకాల జంతువుల 742 నమూనాలు తీసి చూస్తే, బ్యాక్టీరియా మేతను బట్టి, జంతువును బట్టి మారుతున్నాయి గానీ మీథేన్ ఆర్కియాలు మాత్రం దాదాపు అన్నిచోట్లా అవే. మీథనోబ్రెవిబాక్టర్ అనే ప్రజాతికి చెందిన రెండు గుంపులే ఆర్కియాల్లో నాలుగింట మూడు వంతులున్నాయి. కాబట్టి న్యూజిలాండ్ గొర్రెలో ఆర్కియాకు తగిలే మందు ప్రకాశం జిల్లా గొర్రెలోనూ తగలాలి. తగులుతుంది కూడా, తేడా అంతా ఆ గొర్రె ఏం తింది, మందు దాని నోటికి ఎలా చేరుతుంది అన్నచోటే వస్తుంది.

మందుల్లో అన్నిటికంటే బాగా పరీక్షించినది 3-నైట్రాక్సీప్రొపనాల్, బోవేర్ అనే పేరుతో అమ్ముతున్నది. మీథేన్ తయారీలో చివరి మెట్టు నడిపే ఎంజైమ్ నడిబొడ్డున ఒక నికెల్ పరమాణువు ఉంటుంది. ఈ మందు అణువు ఆ ఎంజైమ్ మామూలుగా పట్టుకునే పదార్థాన్ని పోలి ఉండి, దాని గూట్లో చేరి, నికెల్‌ను పనికిరాని స్థితికి తెస్తుంది. ఆవుకు రోజుకు ఒకటి రెండు గ్రాములు చాలు. పెన్సిల్వేనియాలో పాడి ఆవుల మీద పన్నెండు వారాలు జరిపి 2015లో ప్రచురించిన ప్రయోగంలో మేత, పాలు తగ్గకుండా మీథేన్ సుమారు 30 శాతం తగ్గింది; మాంసం కోసం పెంచే పశువుల్లో తగ్గుదల ఇంకా ఎక్కువ. బ్రెజిల్, చిలీ 2021లో, ఐరోపా సమాఖ్య 2022లో, అమెరికా 2024లో దీన్ని అనుమతించాయి. మరి ఆగిన మీథేన్ తాలూకు శక్తి పాలుగా మారాలి కదా? చాలా ప్రయోగాల్లో పాలు చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఆవు ఊపిరిలో హైడ్రోజన్ పెరిగింది, కొంత ప్రొపియోనిక్ ఆమ్లం వైపు మళ్లింది, మిగతాది రకరకాలుగా చెదిరిపోయింది. అంటే పొగగొట్టానికి మూత పడింది గానీ పొగ ఉపయోగపడే చోటికి చేరలేదు. వాతావరణానికి మేలు జరిగింది, రైతు చేతికి ఏమీ రాలేదు. మందు ఖర్చు మాత్రం అతనిదే. ఈ ఒక్క విషయమే ఈ మందు వ్యాప్తిని రాయితీల మీద, కార్బన్ పన్నుల మీద ఆధారపడేలా చేసింది.

దీని భద్రత మీద 2024 చివర బ్రిటన్‌లో పెద్ద గొడవే జరిగింది, కొందరు వినియోగదారులు పాలు పారబోస్తున్న వీడియోలు పెట్టారు. ఆ భయానికి శాస్త్రీయ ఆధారం తక్కువ. ఆవు పొట్టలో ఆ అణువు త్వరగా విరిగిపోతుంది, అనుమతిచ్చిన సంస్థలు పాలకు ప్రమాదం లేదని తేల్చాయి. దీని అసలు పరిమితి వేరే చోట ఉంది. త్వరగా విరిగిపోయే ఆ గుణం వల్లే, మేతతో బాగా కలిసి రోజంతా కొంచెం కొంచెంగా లోపలికి పోతేనే అది పనిచేస్తుంది. కలిపిన మేతను తొట్లలో పోసే ఐరోపా డెయిరీకి ఇది సులువు, పగలంతా బయట మేసి సాయంత్రం గుప్పెడు దాణా తినే గేదెకు కష్టం. పైగా మేతలో పీచు పెరిగే కొద్దీ మందు ప్రభావం తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి. వరిగడ్డి, జొన్న చొప్ప మీద బతికే పశువుకు ఇది చేదు కబురు.

సముద్రంలో పెరిగే ఎర్ర నాచు ఆస్పరాగోప్సిస్ కథ మొదలైనప్పుడు పేపర్లన్నీ దాన్ని అద్భుతం అన్నాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ, జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం దీన్ని వెలుగులోకి తెచ్చాయి. కాలిఫోర్నియాలో కోడెల మీద 21 వారాలు జరిపి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, కొన్ని మేతల మీద మీథేన్ 80 శాతానికి పైగా పడిపోయింది. పనిచేసే పదార్థం బ్రోమోఫామ్. అది ఆర్కియా ఎంజైమ్‌ను మరో పద్ధతిలో అడ్డుకుంటుంది. అయితే బ్రోమోఫామ్ కేన్సర్ కారకం కావచ్చని అమెరికా పర్యావరణ సంస్థ వర్గీకరించిన పదార్థం, ఓజోన్ పొరకూ చేటు, ఆవిరై పోయే గుణమున్నది కాబట్టి నిల్వలో బలం తగ్గుతుంది. నాచు కలిపిన మేతను పశువులు తక్కువ తినడం కూడా గమనించారు. ఆస్ట్రేలియాలో వాగ్యూ జాతి పశువులకు దాదాపు మూడు వందల రోజులు నాచు నూనె పెట్టి చూస్తే తగ్గుదల 28 శాతం దగ్గర ఆగింది. తొలి ప్రయోగపు అంకె పొలానికి వచ్చేసరికి మూడో వంతుకు దిగిన ఈ ఉదాహరణను, కొత్త మందు గురించి పతాక శీర్షిక చూసినప్పుడల్లా గుర్తు చేసుకోవచ్చు.

ఆర్కియాను అడ్డుకోవడం మానేసి హైడ్రోజన్‌ను ముందే లాగేసుకునే దారులు ఇంకో తరగతి. నైట్రేట్ అందులో ఒకటి. అది అమ్మోనియాగా మారుతూ హైడ్రోజన్‌ను తాగేస్తుంది, ఆ అమ్మోనియాతో సూక్ష్మజీవులు మాంసకృత్తులు కట్టుకుంటాయి. మాంసకృత్తులు తక్కువున్న ఎండు గడ్డి మేతకు ఇది యూరియా బదులు పనికొస్తుంది. కానీ నడిమధ్యలో నైట్రైట్ పేరుకుంటే రక్తం ఆక్సిజన్ మోయలేక పశువు చనిపోతుంది. చిన్న రైతు చేతికి ఇవ్వదగ్గ సరుకు కాదు. నూనె, కొవ్వులు మరో దారి. మేత పొడి బరువులో కొవ్వు ఒక శాతం పెరిగితే మీథేన్ నాలుగైదు శాతం తగ్గుతుందని చాలా ప్రయోగాల సగటు. పత్తిగింజలు, నూనె తీయని తవుడు పెట్టే రైతు తనకు తెలియకుండానే ఈ పని కొంత చేస్తున్నాడు. ఆరేడు శాతం దాటితే మాత్రం పీచు జీర్ణం కుంటుపడుతుంది. ప్రోటోజోవాను తీసేస్తే, వాటికి అంటి బతికే ఆర్కియాలు పోయి, మీథేన్ పదో వంతు మేర తగ్గుతుంది, అయితే వాటిని బయట ఉంచడం ఎవరి తరమూ కాలేదు.

అందరికీ ఇష్టమైన కల ఇంకొకటి ఉంది. కంగారూల ముందు పేగులో హైడ్రోజన్‌తో మీథేన్ బదులు అసిటిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా చురుకుగా ఉంటాయి; వాటిని తెచ్చి ఆవులో పెడితే సరిపోదా అని. ఆవు పొట్టలో అలాంటివి ఇప్పటికే కొన్ని ఉన్నాయి. అవి ఓడిపోవడానికి కారణం లెక్క. చాలా తక్కువ హైడ్రోజన్ ఉన్నా ఆర్కియా దాన్ని ఏరుకోగలదు, అసిటిక్ బ్యాక్టీరియాకు అంతకంటే ఎక్కువ మోతాదు కావాలి. అమెరికాలో రెండు ఆవుల రూమెన్ సరుకును దాదాపు పూర్తిగా ఒకదానిలోంచి ఇంకోదానిలోకి మార్చి చూస్తే, వారాలు గడిచేసరికి ప్రతి ఆవూ తన పాత బ్యాక్టీరియా సమూహం వైపే తిరిగి వచ్చింది. కొత్త కాపురస్తులకు ఖాళీ ఉంటేనే చోటు దొరుకుతుంది. ఖాళీ ఉన్నప్పుడు ఏం జరుగుతుందో సుబాబుల్ చరిత్ర చెబుతుంది. మన ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే ఆ చెట్టు ఆకులో మైమోసిన్ అనే విషం ఉంది. అది తిన్న ఆస్ట్రేలియా పశువులకు వెంట్రుకలు రాలి, థైరాయిడ్ గ్రంథి ఉబ్బేది, హవాయి మేకలకు ఏమీ అయ్యేది కాదు. ఆ మేకల పొట్టలో విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉన్నాయని రేమండ్ జోన్స్ ఊహించి, 1980ల తొలినాళ్లలో వాటిని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించాడు. అవి అక్కడ స్థిరపడి ఒక పశువు నుంచి మరో పశువుకు పాకాయి. 1992లో ఆయన పేరు మీదే వాటికి సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. అక్కడ తినేవాళ్లు లేని ఆహారం పళ్లెంలో ఉంది, హైడ్రోజన్ విషయంలో ఆ పళ్లెం ముందే ఆర్కియా చేతిలో ఉంది. మందుతో ఆర్కియాను కొంత అణచి, అదే సమయంలో అసిటిక్ బ్యాక్టీరియాను ఎక్కించే జంట ప్రయత్నాలకు ఇదే ఆధారం.

మేత దగ్గరికి వస్తే దృశ్యం మారుతుంది. గింజలు ఎక్కువ పెడితే ప్రొపియోనిక్ ఆమ్లం పెరిగి, హైడ్రోజన్ అక్కడే ఖర్చయి, మీథేన్ తగ్గుతుంది. అమెరికాలో గింజల మీద పెంచే పశువుల్లో మేత శక్తిలో మీథేన్ వాటా 3 శాతం దగ్గరకు దిగుతుంది, గడ్డి మీద బతికేవాటిలో అది 6, 7 శాతం. మొక్కజొన్న మనుషులకూ కోళ్లకూ కావలసిన దేశంలో ఈ దారి పెద్దగా పట్టదు, పైగా రూమెన్ పులుపెక్కి పశువు జబ్బు పడుతుంది. అయితే మేతను మెరుగు చెయ్యడం అంటే గింజలు పెంచడం ఒక్కటే అనుకోనక్కరలేదు. వాతావరణ మార్పుపై ప్రభుత్వాల మధ్య బృందం 2006లో ఇచ్చిన లెక్కల పట్టిక ఒకటి ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి 128 కిలోల మీథేన్ వదిలి 8,400 కిలోల పాలిస్తుంది; భారత ఉపఖండపు ఆవు 58 కిలోలు వదిలి 900 కిలోల పాలిస్తుంది. పశువుకు లెక్కేస్తే మనది సగం కంటే తక్కువ, కిలో పాలకు లెక్కేస్తే 15 గ్రాములకు ఎదురుగా 64 గ్రాములు. మన ఆవు పాపాత్మురాలు కావడం వల్ల ఈ తేడా రాలేదు. అది తిన్న మేతలో ముప్పాతిక పాలు తన ప్రాణం నిలుపుకోవడానికే సరిపోతుంది, పాలకు మిగిలేది కొద్ది. ప్రాణం నిలుపుకునే మేతకు కూడా మీథేన్ పుడుతుంది.

అందుకే ఇక్కడ మొదటి మందు సమతుల దాణా. జాతీయ పాడి అభివృద్ధి మండలి 2012 తర్వాత జాతీయ డెయిరీ ప్రణాళికలో భాగంగా లక్షల పశువులకు ఇంటింటికీ వెళ్లి, ఉన్న మేతనే లెక్కగట్టి, చౌకగా సరిచేసే పథకం నడిపింది. ఒక చోట వరిగడ్డికి పిల్లిపెసర కలపడం, ఇంకో చోట ఖనిజ లవణ మిశ్రమం చేర్చడం, అవసరానికి మించి పోస్తున్న పత్తి చెక్కను తగ్గించడం, ఇలాంటి పనులే. పాలు కొంత పెరిగి, మేత ఖర్చు తగ్గి, లీటరు పాలకు వచ్చే మీథేన్ పదో వంతుకు పైగా తగ్గిందని మండలి లెక్కలు చెప్పాయి. గడ్డిని నూటికి నాలుగు పాళ్ల యూరియా నీళ్లతో మాగబెట్టడం, పాతర గడ్డి వెయ్యడం కూడా ఈ కోవలోవే. ఇందులో హైడ్రోజన్ ప్రశ్నకు జవాబు నేరుగా ఉంది: మాంసకృత్తులు అందిన సూక్ష్మజీవులు తమ శరీరాలు కట్టుకుంటూ కొంత హైడ్రోజన్ వాడుకుంటాయి, ఆ జీవులు కింది గదుల్లో జీర్ణమై పశువుకే ఆహారమవుతాయి. రైతుకు లాభం ముందు వస్తుంది, వాతావరణ లాభం దాని వెనకే నడుస్తుంది.

వగరు మేతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తుమ్మకాయలు, చింతపిక్కల పొట్టు వంటివాటిలోని టానిన్లు ఆర్కియాను, పీచు విరిచే జీవులను కూడా కొంత అదుపులో పెడతాయి. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లున్న మొక్కల సరుకుతో హరిత్ ధార అనే మిశ్రమం తయారుచేసింది. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని దాని లెక్క. చింతపండు పరిశ్రమ పారేసే పొట్టును పశువు తొట్టికి మళ్లించడం మంచి ఆలోచన. మోతాదు మించితే మాంసకృత్తుల జీర్ణం పడిపోతుంది, వగరుకు పశువు మూతి తిప్పుకుంటుంది. సముద్రపు నాచు అంకెలతో పోలిస్తే 17 శాతం చిన్నగా కనిపించవచ్చు. దొరికే సరుకుతో, పల్లె దాణా మిల్లులో కలిపే వీలున్నదానికి ఆ చిన్న అంకె ఎక్కువ విలువ చేస్తుందని నా అభిప్రాయం.

ఇంత తంటా అసలు ఎందుకు అనేవారి వాదం కొట్టిపారేయదగ్గది కాదు. పశువు వదిలే కార్బన్ నిన్న గడ్డి గాలిలోంచి తీసుకున్నదే, నేల బొగ్గులోంచి వచ్చింది కాదు, సగటున పన్నెండేళ్లకు మళ్లీ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, మంద సంఖ్య పెరగకపోతే కొత్త వేడి పెరగదు అంటారు. చివరి మాట దాకా లెక్క దాదాపు సరైనదే. అయితే నిలకడగా ఉన్న మంద గతంలో పెంచిన వేడిని నిలబెడుతూనే ఉంటుంది, దాని మీథేన్ తగ్గితే ఫలితం ఒక తరం లోపే కనిపిస్తుంది. ఇంత తొందరగా స్పందించే ప్రధాన గ్రీన్‌హౌస్ వాయువు మరొకటి మన చేతిలో లేదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కిలో పాలకు మీథేన్ తగ్గినా పాల ఉత్పత్తి పెరుగుతూ పోతే మొత్తం తగ్గదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్నాయి. మేలైన దాణా తిన్న పశువు రోజుకు వదిలే మీథేన్ కొంచెం పెరగవచ్చు కూడా. అదే పాలు తక్కువ పశువులతో వచ్చినప్పుడే మొత్తం తగ్గుతుంది, ఒట్టిపోయిన పశువును ఏం చేయాలన్నది దాణా శాస్త్రానికి అందని ప్రశ్న. 2021లో గ్లాస్గోలో 2030 నాటికి మీథేన్ 30 శాతం తగ్గిస్తామన్న అంతర్జాతీయ ప్రతిజ్ఞలో భారతదేశం చేరలేదు. పొట్టకూటి పశువుకూ లాభాల పశువుకూ ఒకే కొలత పెట్టవద్దన్న దేశ వాదనలో న్యాయం ఉంది. దేశ వ్యవసాయ రంగపు ఉద్గారాల్లో సగానికి పైగా పశువుల పొట్టల నుంచే వస్తున్నాయన్న నిజం మాత్రం దానివల్ల మారదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనిషి చేత్తో పెట్టే మేత తినే పశువులకు వర్తిస్తాయి. గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి రెండు స్థానాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లవి. రెండూ కలిపి మూడున్నర కోట్లకు పైగా. వాటిలో ఎక్కువ భాగం బీళ్లలో, కోసిన చేలల్లో మేసి బతుకుతాయి, దాణా ముఖం చూసేది అరుదు. వీటికి పనికొచ్చే దారులు మూడు పరిశోధనలో ఉన్నాయి. న్యూజిలాండ్‌లో తక్కువ మీథేన్ వదిలే గొర్రెలను ఏరి, కొన్ని తరాలు దాటించి, ఎక్కువ వదిలేవాటితో పది శాతానికి పైగా తేడా సాధించారు. ఏరిన గొర్రెలకు రూమెన్ చిన్నదిగా ఉండి మేత త్వరగా ముందుకు జరుగుతుందని తేలింది. అక్కడే ఆర్కియా మీద టీకా కోసం ఏళ్లుగా పని జరుగుతోంది. రక్తంలోనూ లాలాజలంలోనూ ప్రతిరక్షకాలు పుట్టాయి, రూమెన్‌లో వాటి పని ఇంకా తేలలేదు. మూడోది ఫ్రాన్స్‌లో దూడల మీద చేసిన ప్రయోగం. పుట్టినప్పటి నుంచి పద్నాలుగు వారాలు 3-నైట్రాక్సీప్రొపనాల్ పట్టించి ఆపేశారు. ఏడాది వయసు దాటాక కొలిస్తే, మందు అందని దూడల కంటే ఇవి అప్పటికీ తక్కువ మీథేన్ వదులుతున్నాయి. రూమెన్‌లో కాపురాలు కుదురుకునే ఆ తొలి వారాల్లోనే, సుబాబుల్ తిన్న ఆస్ట్రేలియా పశువుల పొట్టలో ఉన్నట్టు, కొంత ఖాళీ ఉంటుంది కాబోలు. ఆ దూడల సంఖ్య కొద్దిదే, తేడా కూడా ఐదో వంతు లోపే. కానీ మందల వెంట తిరిగే కాపరి ఈనిన గొర్రెను, పిల్లను ఆ కొద్ది వారాలు దొడ్డి దగ్గరే ఉంచుకుంటాడు, ఏడాది మొత్తంలో ఆ పిల్ల నోటికి అతని చెయ్యి అందేది అప్పుడే.